తక్కువ చేతుల పక్షం

మామయ్యగారికి లోకంలో ఏ విషయం మీదా సొంత అభిప్రాయం లేదు. తక్కువ చేతులు ఎటు లేస్తే ఆయన చెయ్యి అటు లేస్తుంది, అంతే. బస్సు చార్జీలు పెంచొచ్చా, మగవాళ్లు వంట చెయ్యాలా, రోడ్డు వెడల్పు కోసం చెట్లు కొట్టొచ్చా, బళ్లో పిల్లలకి పరీక్షలు తీసెయ్యాలా, ఏదైనా సరే. ముందు పదిమందీ ఏమంటున్నారో కళ్లు సగం మూసుకుని వింటారు. మనసులో లెక్క వేసుకుంటారు. ఎటువైపు జనం పల్చగా ఉన్నారో కుర్చీ లాక్కుని అటు వెళ్లి కూర్చుంటారు. తీరా అటు జనం పెరిగారా, మళ్లీ కుర్చీ ఎత్తుకుని ఇటొచ్చేస్తారు. నాలుగంతస్తుల ఆ భవనంలో ఇరవై నాలుగు ఇళ్లు. మిగతా ఇరవై మూడు ఇళ్లవాళ్లూ కలిసి ఆయనకి 'ప్రతిపక్షం గారు' అని పేరు పెట్టారు. ఆ ఒక్క విషయం మీద మాత్రం ఓటింగ్ జరగలేదు.

పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న కోడలికి కూడా ఈ మనిషి అంతుపట్టలేదు. ఆవిడ గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఏ పుస్తకాన్నయినా ఏ అరలో పెట్టాలో చిటికెలో చెప్పగలదు. మామయ్యని ఏ అరలో పెట్టాలో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఆయన ఉద్యోగం అలాంటిది కావడం కూడా ఒక కారణమేమో. ముప్ఫై రెండేళ్లు వాతావరణ కేంద్రంలో మబ్బులు చూశారు. నవ్వకండి, అది నిజంగానే ఉద్యోగం. ఆకాశాన్ని మనసులోనే ఎనిమిది వాటాలు వేసి, అందులో ఎన్ని వాటాలు మబ్బు కమ్మిందో రోజుకి ఇన్నిసార్లని పుస్తకంలో రాయాలి. పూర్తిగా కమ్మితే ఎనిమిది, ఎక్కడా మబ్బు తునక లేకపోతే సున్నా. ముప్ఫై రెండేళ్లు మెడ పైకెత్తి బతికిన మనిషి, రిటైరయ్యాక మెడ దించి మనుషుల్ని చూడ్డం మొదలుపెట్టారు. లెక్క మాత్రం మార్చుకోలేదు.

"మామయ్యా, కూరలో ఉప్పు సరిపోయిందా?" అని కోడలు అడుగుతుంది.

ఆయన బల్ల చుట్టూ ఒకసారి చూస్తారు. "ఆరు వంతులు బాగుందంటున్నారమ్మా. రెండు వంతులు మొహమాటపడుతున్నారు."

"మీకెలా ఉంది?"

"నాకా?" అని ఆ ప్రశ్న పక్కింటివాళ్లది పొరపాటున తనకి వచ్చినట్టు కంగారు పడతారు.

టీవీలో చర్చలొస్తే చూడాలి ఆయన్ని. తెర మీద నలుగురు కలిసి ఒకాయన మీద పడి అరుస్తుంటే, ఆ ఒక్కాయన బొమ్మ ఏ మూల ఉందో ఆ మూలకి కుర్చీ జరుపుకుంటారు. "చెప్పు నాయనా, నేను వింటున్నాను," అంటారు. వారం తిరిగేసరికి అదే మనిషి మరో ముగ్గుర్ని వెంటేసుకుని ఇంకెవరినో కేకలేస్తుంటాడు. మామయ్య కుర్చీ అవతలి మూలకి.

"నాన్నా, మొన్న ఆయన్నే కదా సమర్థించారు?" అని కొడుకు నిలదీస్తాడు.

"మొన్నటి మబ్బు ఇవాళ ఉంటుందట్రా?"

కొడుకు వాదించడం ఎప్పుడో మానేసి, ఈ గుణాన్ని ఇంటి అవసరాలకి వాడుకోవడం నేర్చుకున్నాడు. ఆయన దగ్గుమందు తాగాలంటే ఇంటిల్లిపాదీ మందు వద్దని గట్టిగా తీర్మానించాలి. అప్పుడాయన, "పాపం, మందుని ఒక్కరూ సమర్థించకపోతే ఎలా?" అని గ్లాసు అందుకుంటారు. ఒకసారి కొడుకు మర్చిపోయి "మందు వేసుకోండి నాన్నా" అన్నాడు, కోడలు "అవును వేసుకోండి" అంది, ఇక ఆ రోజుకి మందు లేదు.

ఎన్నికలప్పుడు ఇంటింటికీ తిరిగేవాళ్లు వస్తారు కదా. పెద్ద పార్టీవాళ్లు దండలతో, డప్పులతో దిగి, "భారీ మెజారిటీ ఖాయం బాబాయిగారూ, మీ ఓటు మాకే!" అన్నారు. "ఖాయమైతే ఇక నాతో పనేముంది నాయనా, వెళ్లి విశ్రాంతి తీసుకోండి," అని తలుపేసేశారు. మర్నాడు ఇంకొకాయన ఒక్కడే వచ్చాడు. వెనక మనుషుల్లేరు, చేతిలో కరపత్రాల కట్ట మాత్రం ఉంది. వీధికి రెండేసి చెత్తబుట్టలు పెట్టించాలన్నదే ఆయన సిద్ధాంతం. మామయ్య ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి రెండు గంటలు చెత్త గురించి విన్నారు. మూడుసార్లు టీ ఇప్పించారు. ఆయనకి పదకొండు ఓట్లొచ్చాయి. ఫలితాలొచ్చిన సాయంత్రం తిన్నగా ఈ ఇంటికే వచ్చి, "మిగతా పదిమందీ ఎవరో తెలీదు గానీ, ఒకటి మాత్రం మీదేనండీ," అని చేతులు పట్టుకుని వెళ్లాడు.

భవన సంఘానికి కోడలు కార్యదర్శి అయ్యాక ఈ గొడవంతా పుస్తకానికెక్కింది. ఇంటికో ఓటు. ఈ ఇంటి ఓటు మామయ్యది. కార్యదర్శికి ఓటు లేదు, చేతులు లెక్కపెట్టి తీర్మానాల పుస్తకంలో రాయడమే పని. మెట్లకి తెల్లరంగు వెయ్యాలని అందరూ అంటే, నీలంరంగు కావాలని నాలుగో అంతస్తు నర్సు ఒక్కతే చెయ్యెత్తింది. తెల్లగోడలు రోజంతా ఆసుపత్రిలో చూస్తూనే ఉంటానని ఆవిడ గోడు. రెండో చెయ్యి ఎవరిదో చెప్పక్కర్లేదు. ఇంకోసారి ఒక ఇంటివాళ్లు ఊళ్లో లేనప్పుడు, మెట్ల మీద పూలకుండీలు ఉండొచ్చా అన్న దానికి పదకొండు, పదకొండుగా చేతులు చీలాయి. మామయ్యకి ప్రాణసంకటమైపోయింది. అటు చూశారు, ఇటు చూశారు, "దాహంగా ఉంది" అని కిందికి దిగిపోయారు.

వాటన్నిటికీ తలమానికం నీళ్లట్యాంకు. ట్యాంకు కారుతోంది, బాగు చేయించండని దరఖాస్తు పెట్టిందే మామయ్య. మూడు పేజీలు, గుండ్రటి అక్షరాలు. ఓటింగ్‌లో అందరూ బాగు చేయిద్దామన్నారు. మూడో అంతస్తు లెక్కల మేష్టారు ఒక్కరూ లేచి, చుక్క చుక్కగా పడే ఆ చప్పుడు వింటేనే తనకి నిద్ర పడుతుందని, బాగు చేస్తే ఎలా పడుకోవాలని నసిగారు. అందరూ నవ్వారు. మామయ్య నవ్వలేదు. లేచి వెళ్లి మేష్టారి పక్కన చెయ్యెత్తారు. 'దరఖాస్తుదారు తన దరఖాస్తును తానే వ్యతిరేకించారు' అని రాసేటప్పుడు కోడలికి కలం కదల్లేదు.

"ఏమిటి మామయ్యా ఇది? రాసింది మీరే కదా!"

"రాసినప్పుడు మేష్టారి సంగతి తెలీదమ్మా."

ఇలా సాగిపోతున్న రోజుల్లో మెట్ల కింద చోటు సంగతి వచ్చింది.

ఆ చోటు ఒక మంచం పట్టేంత. తొమ్మిదేళ్లుగా అక్కడ దర్జీ అక్క కుట్టుమిషన్ వేసుకుని కూర్చుంటోంది. ఆ భవనంలో ఆవిడ చెయ్యి పడని బట్ట లేదు. ఎవరి నడుము ఏ ఏడాది ఎంత పెరిగిందో ఆవిడకి అంగుళాలతో సహా తెలుసు, ఎవరికీ చెప్పదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ మిషన్ చప్పుడు మెట్లమీదుగా ఒక్కో అంతస్తూ నిదానంగా ఎక్కి, తలుపుల కింది సందుల్లోంచి ఇళ్లలోకి వచ్చేది. టకటకా కాసేపు, దారం మార్చుకోడానికి కాస్త ఆగడం, మళ్లీ టకటకా. ఎండ కిటికీ పరదా మీద పడి గదంతా పల్చటి తేనెరంగులోకి తిరిగే వేళ అది. చేతిలో పేపరు చేతిలోనే ఉండేది, వత్తుతున్న పిండి వత్తుతున్నట్టే ఉండేది, ఆ ఆగిన క్షణంలో మనుషులు మెల్లగా కునుకులోకి జారిపోయేవాళ్లు. సెలవు రోజుల్లో కోడలు కూడా అలాగే జారిపోయి, తనెవరో, ఇదేం ఊరో, సాయంత్రమో పొద్దుటో తెలియని ఒక మెత్తటి చోట కాసేపు ఉండి వచ్చేది. ఆ భవనం మొత్తం మధ్యాహ్నంపూట ఒకే కల కంటోందేమో అని ఆవిడకి అనిపించేది.

సంఘం అధ్యక్షులవారు మొదటి అంతస్తులో ఉంటారు. భార్యతో మాట్లాడినా "సభ్యులారా" అనే మొదలుపెడతారని వినికిడి. ఆయన ఒక నోటీసు అంటించారు. మెట్ల కింద చోటు ఖాళీ చేయించి స్కూటర్లు పెట్టుకుందాం, వచ్చే ఆదివారం సాయంత్రం మేడమీద ఓటింగ్.

దర్జీ అక్క నోటీసు చదివి మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. కోడలు దిగి వెళ్లేసరికి ఎవరిదో లంగా అంచు విప్పుతోంది.

"ఇక్కడ కాకపోతే ఎక్కడ పెట్టుకుంటారక్కా?"

"ఇంట్లో మిషన్‌కి చోటు లేదమ్మా. ఊరి అవతల బట్టల ఫ్యాక్టరీకి రమ్మంటున్నారు. అక్కడ ఒక్కొక్కరు ఒక్కో ముక్కే కుడతారట. నాకు కాలర్లు ఇస్తారట." ఆవిడ దారం పళ్లతో తెంపింది. "తొమ్మిదేళ్లు మనుషులకి కుట్టాను. ఇక కాలర్లకి కుట్టాలి."

కోడలి మనసు చివుక్కుమంది. కార్యదర్శి కాబట్టి ఎటూ మాట్లాడకూడదు. కానీ అభిప్రాయాలు తెలుసుకోవద్దని నిబంధనల్లో ఎక్కడా లేదు కదా. చేతిలో పుస్తకం పట్టుకుని గడప గడపా ఎక్కి దిగింది. నర్సు అంది, "ఆవిడుంటే నాకేం అడ్డం? కానీ అందరూ ఎలా అంటే అలా." లెక్కల మేష్టారు అన్నారు, "నాకైతే ఉండాలనే ఉందమ్మా. అందరూ వద్దంటుంటే నేనొక్కణ్నీ ఏం బాగుంటుంది?" రెండో అంతస్తులో అదే మాట. నాలుగో అంతస్తులో అదే మాట. స్కూటరున్నవాళ్లూ అదే అన్నారు, లేనివాళ్లూ అదే అన్నారు.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "మామయ్యా, భవనమంతా తిరిగాను. ఈ 'అందరూ' అనేవాళ్లు ఏ ఇంట్లో ఉంటారో కనబడలేదు," అంది.

ఆయన బాల్కనీలో ఆకాశం చూస్తున్నారు. "ఇవాళ ఎనిమిదికి ఎనిమిదమ్మా," అన్నారు. "కమ్మేసింది. కానీ పల్చటి మబ్బు. వెనకాల వెలుతురుంది."

"మామయ్యా, మీరు ఎప్పుడూ రెండో చెయ్యే ఎత్తుతారు. ఈసారి మొదటిది ఎత్తకూడదూ?"

ఆయన మొహం పాలిపోయింది. "మొదటిదా? నాకు అలవాటు లేదమ్మా. ముందే ఎత్తితే ఎవరి పక్కన ఎత్తినట్టు?"

ఆవిడ పుస్తకం బల్లమీద పెట్టి లోపలికెళ్లింది. ఇంకో భయం కూడా పట్టుకుంది. ఖాళీ చేయించాలనేవాళ్లు చేతులెత్తండి అని ముందుగా అడిగితే, అధ్యక్షులవారు ఒక్కరే ఎత్తుతారు. ఒక్క చెయ్యి కనబడిందా, మామయ్య వెళ్లి పక్కన నిలబడిపోతారు. అది చూసి మూడోది, నాలుగోది. అక్క పని అంతటితో సరి. ఆదివారం దాకా ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు.

ఆ సాయంత్రం మేడమీద గాలి బాగా వీస్తోంది. తీగల మీద ఎవరివో దుప్పట్లు ఉబ్బి, వాలి, మళ్లీ ఉబ్బుతున్నాయి. పడమటి వైపు మబ్బులు గులాబీరంగులోకి తిరిగి, అక్కడక్కడ విచ్చుకుంటున్నాయి. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న జనం మొహాల మీద కూడా ఆ రంగే పడి, రోజూ నీళ్ల దగ్గర గొడవపడే మనుషులు వీళ్లేనా అనిపిస్తున్నారు. నాలుగంతస్తుల కింద నుంచి మిషన్ చప్పుడు సన్నగా వినబడుతోంది.

"సభ్యులారా," అని మొదలుపెట్టి అధ్యక్షులవారు పావుగంట మాట్లాడారు. కోడలు పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, "ముందు దర్జీ అక్క ఇక్కడే ఉండాలనేవాళ్లు చేతులెత్తండి," అంది.

కింద మిషన్ ఆగిపోయింది.

ఒక్క చెయ్యీ లేవలేదు. నర్సు మేష్టారి వంక చూసింది. మేష్టారు వెనకవాళ్ల వంక చూశారు. వెనకవాళ్లు తమ చెప్పుల వంక చూసుకున్నారు. ఇరవై నాలుగు జతల చేతులు ఒళ్లో బుద్ధిగా కూర్చున్నాయి. కోడలు మామయ్య వైపు చూసింది. ఆయన అలవాటుగా జనాన్ని ఒకచివర నుంచి మరోచివరకి చూశారు. పక్కన నిలబడ్డానికి ఎవరైనా ఉన్నారేమోనని ఇంకోసారి చూశారు. "ఎనిమిదికి సున్నా," అని తనలో తను గొణుక్కున్నారు.

తర్వాత ఆయన కుడిచెయ్యి మెల్లగా లేచింది. చలికాలం పొద్దున బకెట్లో చెయ్యి పెట్టే మనిషిలా, కొంచెం కొంచెంగా. భుజం దాకా వచ్చి ఆగింది. మళ్లీ లేచింది. మేడంతటిలో అదొక్కటే చెయ్యి.

ఆ చెయ్యిని చూస్తూ నిలబడ్డ కోడలికి ఎందుకో తన పెళ్లయిన మొదటి ఏడాది గుర్తొచ్చింది. గ్రంథాలయం వాళ్లు పుస్తకాల బండి మీద పల్లెలు తిరిగే ఉద్యోగం ఇస్తామన్నారు. భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ, వచ్చిన చుట్టాలూ, ఆఖరికి మొగుడూ వద్దన్నారు. వెళ్తానని తనొక్కతే అంది. అప్పుడు మామయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఏమో, నాకూ వెళ్తేనే బాగుంటుందనిపిస్తోంది," అన్నారు. ఈయనకి అడ్డం తిరగడం సరదా కాబోలని ఆవిడ పదకొండేళ్లుగా అనుకుంటోంది. ఎంత తెలివితక్కువదాన్ని, అనుకుంది. ఈ మనిషి ఏనాడూ అభిప్రాయం పక్కన నిలబడలేదు, ఒంటరిగా ఉన్న మనిషి పక్కనే నిలబడ్డాడు.

రెండో చెయ్యి లెక్కల మేష్టారిది. ఎత్తడమేమిటి, కుర్చీలోంచి లేచి మరీ ఎత్తారు. మూడోది నర్సుది. తర్వాత ఎవరెవరివో, చప్పున లెక్క తప్పిపోయింది. వాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఇదే మేడమీద ఒక్కరే చెయ్యెత్తి నిలబడ్డవాళ్లు, పక్కకి కుర్చీ జరిగిన చప్పుడు విని ఊపిరి పీల్చుకున్నవాళ్లు. కోడలు రెండుసార్లు లెక్కపెట్టింది.

"ఇరవై మూడు! ఇక ఖాళీ చేయించాలనేవాళ్లు?"

"గెలిచినట్టేనా అమ్మా?" అని మామయ్య చెయ్యి దించకుండానే అడిగారు.

"గెలిచినట్టే మామయ్యా!"

"ఒకటి తగ్గినా?"

"తగ్గినా గెలిచినట్టే."

"అయితే సరే," అని ఆయన చెయ్యి దించి, కుర్చీ ఎత్తుకుని బయల్దేరారు. ఎక్కడికంటే, ట్యాంకు పక్కన చెయ్యెత్తి, మొహం జేవురించి, ఎవరివంకా చూడకుండా కూర్చున్న అధ్యక్షులవారి దగ్గరికి. పక్కన కుర్చీ వేసుకుని తనూ చెయ్యెత్తారు.

అధ్యక్షులవారు బిత్తరపోయారు. "మీరేమిటండీ? అటు ఎత్తి ఇటొచ్చారు?"

"అక్కడ మరీ ఇరుగ్గా ఉందండీ."

అధ్యక్షులవారు కాసేపు మబ్బుల కేసి చూశారు. ఆయన గొంతులోంచి 'సభ్యులారా' పోయి మామూలు మనిషి బయటికొచ్చాడు. "నిజం చెప్పమంటారా? ఆవిడ వెళ్లిపోవడం నాకూ ఇష్టం లేదు. నా చొక్కాలన్నీ ఆవిడ కుట్టినవే. అందరూ బళ్లకి చోటు కావాలంటున్నారు కదాని..."

"అందరూ అంటే ఎంతమందండీ?"

"ఇద్దరు," అని నాలుక కరుచుకున్నారు. "మెట్లమీద అనుకుంటుంటే విన్నాను." ఆపైన చెయ్యి టక్కున దించేసి, "అమ్మా, నాదీ అటే రాసుకో," అన్నారు.

ఇప్పుడు చూడండి. ఇరవై మూడు ఇళ్లు ఒకవైపు. దర్జీ అక్కని ఖాళీ చేయించాలని చెయ్యెత్తి ఉన్నది మామయ్య ఒక్కరే. ఆయన కంగారుగా లెక్క చూసుకున్నారు. ఎటు నుంచి చూసినా తక్కువ చెయ్యి ఆయనదే. ఆయన నియమం ప్రకారం కదలడానికి వీల్లేదు.

సరిగ్గా అప్పుడు మెట్ల తలుపు దగ్గర దర్జీ అక్క కనబడింది. మెడలో కొలత టేపు, చేతిలో కత్తెర. కింద ఉండలేక వచ్చేసినట్టుంది. మేడంతా కలయజూసింది. లేచి ఉన్న చెయ్యి ఒకటే కనబడింది.

"ఒక్కరేనా," అంది. కళ్లు తుడుచుకుని, దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టింది. "పోనీలెండి బాబాయిగారూ. మీరొక్కరైనా నా వైపు ఎత్తారు. నాకదే చాలు."

మామయ్య కుర్చీలోంచి సగం లేచారు. "అది కాదమ్మా... నేను అసలు..." అని నీళ్లు నమిలారు. మేడంతా గొల్లుమంది. అధ్యక్షులవారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మేష్టారు దర్జీ అక్కని పక్కకి తీసుకెళ్లి జరిగింది మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ "ఆఁ?" అనీ "మరి ఆ చెయ్యేమిటి?" అనీ అడుగుతోంది.

ఈ నవ్వుల మధ్య కోడలు తీర్మానాల పుస్తకం మూసి కుర్చీలో పెట్టింది. నడిచి వెళ్లి మామయ్య పక్కన నిలబడి కుడిచెయ్యి పైకెత్తింది.

ఆయన తలెత్తి చూశారు. "కార్యదర్శికి ఓటు లేదమ్మా."

"తెలుసు మామయ్యా," అంది. "చెయ్యి ఉంది కదా."